దారి వేయడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం ఒక ఎత్తు

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ మన పూర్వ విద్యార్థుల విజయాల జాబితా వస్తుంది. గ్రూప్స్ కొట్టినవాళ్లు, టీచర్లయినవాళ్లు, బ్యాంకుల్లో చేరినవాళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు, అందరి పేర్లూ చూసుకుని సంతోషపడతాం. పడాల్సిందే. అయితే పూర్వ విద్యార్థులం కొందరం పోయిన సంవత్సరం కలిసి కూర్చున్నప్పుడు ఇంకో లెక్క వేశాం. మా గదిలో ట్రంకుపెట్టెలు పెట్టుకున్న ఎనిమిది మందిలో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్నది నలుగురమే. మిగతా నలుగురూ మాకన్నా తెలివితక్కువ వాళ్లు కారు. ఒకడికి సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ దాటిపోయింది. ఒకడు స్నేహితుడు చేరాడని తానూ బీకాంలో చేరి, ఆ గ్రూపు తనకు పడదని రెండో ఏడు తెలుసుకున్నాడు. కాలేజీ మారితే స్కాలర్‌షిప్ ఏమవుతుందో చెప్పేవాళ్లు లేక ఇంకొకడు ఊరికి వెళ్లిపోయాడు. నాలుగోవాడు పరీక్షల ముందు మా అందరికీ లెక్కలు చెప్పినవాడు. వాడు ఎందుకు మానేశాడో మాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అప్పట్లో ఎవరమూ అడగలేదు.

చేర్పించడం మీద ఉన్న శ్రద్ధ, చేరినవాడు చివరిదాకా వెళ్లాడా లేదా అన్నదాని మీద ఎందుకు లేదు? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే అమెరికా కమ్యూనిటీ కాలేజీల సంగతి మా కంటపడింది. ధనిక దేశం, అక్కడి పిల్లలకేం కష్టం అని మేమూ మొదట అనుకున్నాం. చదివిన కొద్దీ అది మన కథలాగే కనిపించింది. అందుకే మన సంచికలో దాని గురించి రాస్తున్నాం.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటి?

అమెరికా అనగానే మనకు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి పేర్లే గుర్తుకొస్తాయి. కానీ ఆ దేశంలో డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో సుమారు మూడో వంతు చదివేది కమ్యూనిటీ కాలేజీల్లో. ఇవి రెండేళ్ల కాలేజీలు, ఎక్కువగా ప్రభుత్వానివి. మొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా కమిషన్ ఈ కమ్యూనిటీ కాలేజీ అనే పేరును దేశమంతా ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడు ఇలాంటివి సుమారు వెయ్యి ఉన్నాయి.

వీటికి ప్రవేశ పరీక్ష గండం లేదు, హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఎవరైనా చేరవచ్చు. ఫీజు తక్కువ. పగలు దుకాణంలో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవాళ్లు, పిల్లల్ని పెంచుకుంటూ చదివే ఒంటరి తల్లులు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లు ఇక్కడ ఎక్కువ. నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులకు పై చదువుల్లోకి వెళ్లే పెద్ద వాకిలి ఇదే. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు, వెల్డింగ్, నర్సింగ్ లాంటి వృత్తి విద్య నేర్చుకోవచ్చు, లేదా ఇక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరి నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు.

కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. నడిచిన తీరు వేరు. ఇక్కడ చేరేవాళ్లలో నూటికి 80 మంది దాకా నాలుగేళ్ల డిగ్రీ సాధించాలనే ఆశతో వస్తారు. ఆరేళ్లు గడిచేసరికి దాన్ని అందుకునేది సుమారు 16 మందే.

మెస్సు భోజనం, బఫే భోజనం

ఎందుకిలా అవుతోందని కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజీ పరిశోధన కేంద్రం వాళ్లు ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ కేంద్రానికి చెందిన థామస్ బెయిలీ, షానా జాగర్స్, డేవిస్ జెంకిన్స్ కలిసి 2015లో ఒక పుస్తకం తెచ్చారు. అందులో పాత పద్ధతికి వాళ్లు పెట్టిన పేరు ‘కాఫెటీరియా పద్ధతి’.

మనవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మన మెస్సులో గోడ మీద మెనూ ఉంటుంది. సోమవారం ఏమిటి, ఆదివారం ఏమిటి అన్నది ముందే తెలుసు. నచ్చినా నచ్చకపోయినా ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడితే కడుపు నిండుతుంది. అదే మొదటిసారి పెద్దింటి పెళ్లిలో బఫేకు వెళ్లినవాడి పరిస్థితి చూడండి. నలభై గిన్నెలుంటాయి, ఏది దేనితో తినాలో తెలియదు, అడగాలంటే మొహమాటం. ఎదురుగా కనిపించిన దానితో ప్లేటు నింపుకుంటాడు. చివరికి అన్నం దగ్గరికి వచ్చేసరికి ప్లేటులో చోటు ఉండదు. (మాలో ఒకరికి నిజంగానే ఇలా జరిగింది. పేరు రాయొద్దన్నారు.)

కమ్యూనిటీ కాలేజీలో కొత్త విద్యార్థి చేతికి వందల కోర్సులున్న కేటలాగు ఇచ్చి నీ ఇష్టం వచ్చినవి తీసుకో అనేవారు. స్వేచ్ఛ మంచిదే. కానీ ఇంట్లో చదువుకున్నవాళ్లున్న పిల్లవాడు అమ్మానాన్నలను అడిగి సరైనవి ఎంచుకుంటాడు. ఎవరూ లేనివాడు? అడ్వైజర్‌ను అడగాలి. ఒక్కో అడ్వైజర్‌కు వెయ్యి మందికి పైగా విద్యార్థులున్న కాలేజీలు కూడా ఉన్నాయి. సెమిస్టరులో పది నిమిషాలు దొరికితే గొప్ప. అలా తోచిన కోర్సులు తీసుకుని, డబ్బూ కాలమూ ఖర్చుపెట్టి యూనివర్సిటీకి వెళ్తే, ఇందులో సగం మా డిగ్రీకి లెక్కకు రావు అనేవాళ్లు. తప్పు కోర్సులు తీసుకున్నందుకు నష్టపోయింది అతనే, మందలించేవాళ్లూ అతన్నే మందలించారు.

దీనికి తోడు ఇంకో గండం ఉంది. చేరగానే ఇంగ్లీషు, లెక్కల్లో ఒక పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవాళ్లను పునాది తరగతుల్లో వేసేవారు. వాటిలో కూడా మెట్లుంటాయి. ఒక మెట్టు దిగువన పడితే ఒక సెమిస్టరు, మూడు మెట్లు దిగువన పడితే మూడు సెమిస్టర్లు. ఫీజు కట్టాలి, క్రెడిట్లు మాత్రం డిగ్రీ లెక్కలోకి రావు. బెయిలీ బృందం 2010లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, లెక్కల పునాది తరగతులకు పంపినవారిలో ఆ మెట్లన్నీ పూర్తి చేసింది నూటికి 33 మంది. మూడు మెట్లు దిగువన పడినవారిలో 17 మంది. మమ్మల్ని ఆపేసిన విషయం మరొకటుంది. ఫెయిలై ఆగిపోయినవాళ్ల కన్నా, అసలు ఆ మెట్టు తరగతిలో పేరే నమోదు చేసుకోనివాళ్లు ఎక్కువ. ఒక మెట్టు పాసై కూడా తర్వాతి దానికి రానివాళ్లు వాళ్లలో ఉన్నారు. సెలవులు వచ్చాయి, ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చింది, పని దొరికింది, మళ్లీ రాలేదు. మా గదిలోని నాలుగోవాడు మళ్లీ గుర్తుకొచ్చాడు.

‘గైడెడ్ పాత్‌వేస్’ అనే సంస్కరణ

దీనికి మందుగా వచ్చినదే ‘గైడెడ్ పాత్‌వేస్’. దారి చూపి, దారి పొడవునా తోడుండే చదువు అని చెప్పుకోవచ్చు. ముందుగా ప్రతి ప్రోగ్రాముకూ ఒక పటం గీస్తారు. ఏ సెమిస్టరులో ఏ కోర్సు, అది పూర్తయితే ఏ యూనివర్సిటీలో ఏ డిగ్రీకి పనికొస్తుంది, ఏ ఉద్యోగం దొరుకుతుంది అన్నది అందులో ఉంటుంది. ఏం చదవాలో తేల్చుకోనివాళ్ల కోసం వందల ప్రోగ్రాములను ఆరోగ్యం, వ్యాపారం, ఇంజినీరింగు, సామాజిక శాస్త్రాలు అంటూ కొన్ని పెద్ద గుంపులు చేస్తారు. గుంపులో చేరి మొదటి సెమిస్టరు చదువుతూ అందులో తనకు నచ్చినదేదో తేల్చుకోవచ్చు. ఈలోపు తీసుకున్న కోర్సులు వృథా పోవు. తర్వాత, విద్యార్థి దారి తప్పుతున్నాడా అని అడ్వైజర్లు కనిపెట్టి ఉంటారు. క్లాసుకు రాకపోతే, తర్వాతి సెమిస్టరుకు పేరు ఇవ్వకపోతే, వాళ్లే ఫోన్ చేస్తారు. వీటన్నిటితోపాటు తరగతి గదిలో నిజంగా చదువు వస్తోందా అన్నదీ చూసుకుంటారు.

లెక్కల విషయంలోనూ దారి మార్చారు. నర్సు కాబోయే అమ్మాయికి కావలసింది స్టాటిస్టిక్స్, ఆమెను ఆల్జీబ్రా మెట్ల మీద ఆపడం దేనికి అని అడిగారు. టెనెసీ రాష్ట్రం 2015 నుంచి తన కమ్యూనిటీ కాలేజీలన్నిటిలోనూ పునాది తరగతిని విడిగా ముందు పెట్టడం మాని, అసలు కోర్సులోనే చేర్చుకుని దానికి తోడుగా అదనపు క్లాసు పెట్టింది. కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టం ప్రకారం ఒక్క పరీక్ష చూసి కాక, హైస్కూల్లో తెచ్చుకున్న మార్కులు చూసి విద్యార్థి స్థాయిని నిర్ణయించాలి.

డబ్బు కూడా బాగానే వచ్చింది. 2015లో అమెరికన్ కమ్యూనిటీ కాలేజీల సంఘం గేట్స్ ఫౌండేషన్ సాయంతో 30 కాలేజీలతో మొదలుపెట్టింది. 2017లో కాలిఫోర్నియా తన 114 కాలేజీలకు ఐదేళ్లకు గాను 15 కోట్ల డాలర్లు కేటాయించింది.

న్యూయార్కు లాటరీ

దీనికి దగ్గరి చుట్టం లాంటి మరో పథకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గట్టి సాక్ష్యం దొరికింది అక్కడే. న్యూయార్కు నగర యూనివర్సిటీ 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో ‘ఏశాప్’ అనే పథకం పెట్టింది. విద్యార్థి ఫుల్‌టైం చదవాలి, అడ్వైజర్‌ను క్రమం తప్పకుండా కలవాలి. బదులుగా సహాయం పోగా మిగిలిన ఫీజు మాఫీ, పాఠ్యపుస్తకాలు, ట్యూషను, నగరంలో బస్సుకూ మెట్రోకూ పనికొచ్చే పాసు ఇస్తారు. బస్‌పాసు కోసం డిపో దగ్గర క్యూలో నిలబడ్డ మనకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కో అడ్వైజర్‌కు 60 నుంచి 80 మంది విద్యార్థులే. మామూలు విద్యార్థులకైతే 600 నుంచి 1500 మందికి ఒకరు.

ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ 896 మంది పేద విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి చూసింది. మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు మామూలు భాగంలో నూటికి 22, పథకంలో 40. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు 60 శాతానికి పైగా పెరిగింది. కానీ డిగ్రీ పూర్తి చేసినవాళ్లు పెరగడం వల్ల, ఒక్కో డిగ్రీకి అయిన ఖర్చు మాత్రం తగ్గింది. అది న్యూయార్కు గొప్పతనమేమో అని సందేహించినవాళ్ల కోసం ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో అదే చేసి చూశారు. అక్కడ 19 మంది 35 అయ్యారు.

కాలేజీ మొత్తాన్ని మార్చే గైడెడ్ పాత్‌వేస్‌కు ఇలాంటి లాటరీ పరీక్ష పెట్టడం కుదరదు. ఒకే కాలేజీలో సగం మందికి పటం చూపించి సగం మందికి దాచలేం కదా. కొన్ని కాలేజీల్లో మొదటి ఏడాదిలో గట్టెక్కేవాళ్లు పెరిగారన్నది నిజం. ఏశాప్‌కు ఉన్నంత గట్టి రుజువు దీనికి లేదన్నదీ నిజమే. రెండూ చెప్పడం న్యాయం.

మొదలుపెట్టాక వచ్చే కష్టాలు

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడ ఉంది. మొదలుపెట్టిన ఉత్సాహంలో అన్ని కాలేజీలూ పటాలు గీశాయి. ఐదేళ్లు, పదేళ్లు గడిచాక ఎన్ని నిలబడ్డాయి అన్నదే ఇప్పుడు అక్కడి వాళ్ల ముందున్న ప్రశ్న.

మొదటిది డబ్బు. గ్రాంటు డబ్బుతో పెట్టిన అడ్వైజర్ పోస్టు గ్రాంటుతోపాటే పోతుంది. కాలిఫోర్నియా ఇచ్చిన 15 కోట్లు ఒకసారికి ఇచ్చినవి. 2021లో ఇంకో 5 కోట్లు ఇచ్చారు, అవీ ఒకసారికే. జీతమేమో ఏటా ఇవ్వాలి. పైగా కాలేజీకి ప్రభుత్వం సొమ్ము ఇచ్చేది చాలాకాలం ఎంతమంది చేరారన్న లెక్క మీదే. పూర్తి చేయించినందుకు పైసా రాదు. టెనెసీ 2010లో చట్టం చేసి, ఎంతమంది ముందుకు సాగారు, ఎంతమంది పూర్తి చేశారు అన్నదాన్ని బట్టి సొమ్ము ఇవ్వడం మొదలుపెట్టింది. కాలిఫోర్నియా 2018లో తన లెక్కలో కొంత భాగం అలా మార్చింది. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. ఫలితం చూపించడం కోసం వెనకబడ్డ విద్యార్థిని చేర్చుకోకుండా తప్పించుకునే కాలేజీ రేపు పుట్టదన్న హామీ లేదు. పదో తరగతి ఫలితాల శాతం కోసం మన దగ్గర కొన్ని బడులు ఏం చేస్తాయో మనకు తెలియనిది కాదు.

రెండోది పెద్దలు మారడం. అమెరికా కాలేజీ ప్రెసిడెంట్లు ఆ పదవిలో అప్పటికి సగటున ఉన్న కాలం 2006లో 8.5 ఏళ్లు. 2022 నాటికి 5.9 ఏళ్లు. ఒక కాలేజీని మొత్తం మార్చడానికి ఐదేళ్లకు పైనే పడుతుంది. మార్పు కుదురుకునే వేళకు దాన్ని తెచ్చినాయన వెళ్లిపోతాడు. కొత్తాయన తన పేరు మీద కొత్త పథకం మొదలుపెడతాడు. మాస్టర్లు ఇది మూడోసారి, ఇదీ పోతుందిలే అనుకుని పక్కకు తప్పుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

మాస్టర్ల సంగతే మూడోది. కమ్యూనిటీ కాలేజీల్లో బోధించేవాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు పార్ట్‌టైం. మూడు కాలేజీల్లో మూడు క్లాసులు చెప్పి కడుపు నింపుకునేవాళ్లు పటాలు గీసే మీటింగులకు ఏ జీతం మీద వస్తారు? శాశ్వత ఉద్యోగులకు మరో అభ్యంతరం ఉంది. దారి ముందే గీసిపెడితే విద్యార్థి నాలుగు విషయాలు చవిచూసే అవకాశం పోతుందని, పేద పిల్లలను తక్కువ జీతం వచ్చే పనుల వైపు తోసే ప్రమాదం ఉందని వాళ్ల వాదన. మేము ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. నీకెందుకురా ఆ గ్రూపు, ఏదో పని నేర్చుకో అన్న మాట మనలో ఎంతమంది వినలేదు? దారి చూపడం వేరు, హద్దు గీయడం వేరు. అందుకే ఏ గుంపులో ఎవరి పిల్లలు చేరుతున్నారు, ఆ చదువుతో ఎంత జీతం వస్తోంది అన్నది ఏటా విడదీసి చూసుకోవాలని ఆ పరిశోధకులే అంటున్నారు.

ఇంకొకటి పైకి చిన్నగా కనిపిస్తుంది, నష్టం మాత్రం ఎక్కువ. పటం పాతబడుతుంది. యూనివర్సిటీ తన నిబంధన మారుస్తుంది, ఒక కోర్సు ఎత్తేస్తారు, కొత్త ఉద్యోగాలు వస్తాయి. ఏటా పటాన్ని సరిచూసే పని ఫలానా వాళ్లదని రాసిపెట్టకపోతే, రెండేళ్లలో ఆ పటమే విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. 2020లో కోవిడ్ వచ్చి అడ్మిషన్లు బాగా పడిపోయినప్పుడు, చాలాచోట్ల ఈ పనులన్నీ పక్కకు పోయి కాలేజీ తలుపులు తెరిచి ఉంచడమే పెద్ద పనైంది.

నిలబడినచోట కనిపించేది ఆర్భాటం కాదు. అడ్వైజర్ జీతాన్ని గ్రాంటు నుంచి తీసి కాలేజీ సొంత బడ్జెట్లో పెట్టారు. పటం సరిచూడటాన్ని డిపార్టుమెంటు విధుల్లో చేర్చారు. మొదటి సెమిస్టరులో ఎంతమంది ఇంగ్లీషు, లెక్కలు గట్టెక్కారన్న లెక్కను ఏటా అందరి ముందూ పెట్టారు. న్యూయార్కు పథకం 2007లో సుమారు 1100 మందితో మొదలై తర్వాత ఏటా 25,000 మంది దాకా పెరిగింది. ఫలితాల లెక్క చేతిలో ఉండబట్టే నగర పాలకులను డబ్బు అడగగలిగారు.

మన సంగతి

మన హాస్టల్లోనూ ఒకప్పుడు ఇలాంటిది ఉండేది. ఒక వార్డెన్ సార్ ఉన్నప్పుడు ఆదివారం టిఫిన్లయ్యాక సీనియర్లు వరండాలో కూర్చుని ఏ గ్రూపు తీసుకుంటే ఏమవుతుందో, ఏ ఫీజు ఎప్పుడు కట్టాలో జూనియర్లకు చెప్పేవారు. రెండేళ్లు బాగా నడిచింది. సారుకు బదిలీ అయింది, ముందుండి నడిపిన అన్న ఉద్యోగానికి వెళ్లాడు. ఆ ఆదివారం ఎప్పుడు ఆగిపోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు. ఎక్కడా రాసిపెట్టలేదు గనక తర్వాత వచ్చినవాళ్లకు అలాంటిది ఉండేదన్న సంగతే తెలియదు. తెలంగాణలో 2016లో దోస్త్ వచ్చాక ఫోను ముందు కూర్చుంటే వందల కాలేజీలు కనిపిస్తున్నాయి. నెట్‌సెంటరు కుర్రాడు ఏ కోడ్ కొడితే అదే మన తమ్ముడి డిగ్రీ అవుతున్న సందర్భాలు మేము చూశాం.

అందుకని ఈసారి మేము ఒక రిజిస్టరు పెట్టాం. ఇంటర్ రెండో ఏడాది పిల్లలు ఒక్కొక్కరికి ఒక పేజీ. ఏ కోర్సులో చేరాడు, ఫీజు తేదీలేమిటి, బ్యాక్‌లాగులు ఎన్ని, ఫోన్ నంబరు ఏది. ఐదుగురు పిల్లలకు ఒక పూర్వ విద్యార్థి. దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఫోన్ చేసి ఆ పేజీలో తేదీ వేసి సంతకం పెట్టాలి. చేసేవాళ్లు మానుకోదలిస్తే తమ బదులు మరొకరి పేరు రాసి మానుకోవాలి. రిజిస్టరు ఆఫీసు గదిలో హాజరుపట్టీల పక్కన ఉంటుంది, వార్డెన్ మారినప్పుడు ఛార్జి అప్పగించే సామాను జాబితాలో దాన్నీ రాయమని ఇప్పటి సారును అడిగాం, ఒప్పుకున్నారు. ఇంకా కొన్ని పేజీలకు పూర్వ విద్యార్థుల పేర్లు కావాలి. ఈ సంచిక చదివినవాళ్లు హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆఫీసు గదిలో అడిగి, ఖాళీగా ఉన్న పేజీలో మీ పేరు రాయగలరు.